కాలనీ గోడపై కుడ్యచిత్రం వేయించడం ఎలా?

హైదరాబాద్‌లో మీ వీధి గోడపై బొమ్మ వేయించాలనుకుంటే, రంగుల దుకాణానికి వెళ్లే ముందు ఆ గోడను వారం రోజులపాటు గమనించండి. మధ్యాహ్నపు ఎండ ఏ భాగం మీద పడుతుంది, వాన నీరు ఎక్కడ కారుతుంది, సాయంత్రం మిర్చి బండి ఎక్కడ నిలుస్తుంది అన్నవి తెలిస్తే బొమ్మకు తగిన చోటు దానంతట అదే తేలుతుంది. ఆ బండి యజమానితోనూ, ఎదురింటివారితోనూ ముందే మాట్లాడాలి. రోజూ చూసేవారికి పట్టని బొమ్మ మీద నెల తిరక్కుండానే కోచింగ్ సెంటర్ల పోస్టర్లు వెలుస్తాయి.

తరువాత అనుమతి. ప్రైవేటు ప్రహరీ అయితే యజమాని సంతకం చేసిన పత్రం తీసుకోవాలి. ప్రభుత్వ గోడ అయితే అది ఏ శాఖదో కనుక్కొని, బొమ్మ నమూనా జతచేసి దరఖాస్తు ఇవ్వాలి. బహిరంగ ప్రదేశాల వికృతీకరణను నిరోధించే 1997 నాటి చట్టం ఉన్నందున నోటిమాటను నమ్ముకోకూడదు.

చిత్రకారుల కోసం మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో విచారించవచ్చు. రాజ్‌భవన్ సమీపంలోని ఎం.ఎస్. మక్తాలో వీధి చిత్రకళ సంస్థ అయిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఇళ్ల గోడలపై వేయించిన చిత్రాలను చూసి వస్తే, ఇరుకు సందులో ఎంత పెద్ద బొమ్మ కంటికి ఆనుతుందో అర్థమవుతుంది. పొడవైన ప్రహరీకి మాత్రం పొడవాటి గుడ్డపై వరుసగా కథ గీసే చేర్యాల నకాషీ పటాల పద్ధతే సరిపోతుందని నాకనిపిస్తుంది: కథకుడు పటం విప్పుతూ ఒక్కో ఘట్టం చూపినట్లు, నడిచి వెళ్లేవారికి గోడే కథ విప్పుతుంది. ఆ పటాల నేపథ్యమైన ఎరుపు ఎండకు త్వరగా వెలిసిపోకూడదంటే ఐరన్ ఆక్సైడ్‌తో తయారైన జేగురు ఛాయను ఎంచుకోవాలి. పారితోషికం ముందే కాగితం మీద రాసుకోండి. పేరు వస్తుంది కదా అని ఉచితంగా వేయమనడం మర్యాద కాదు.

పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి మరునాడు తీసి చూడండి. లోపల చెమ్మ కనిపిస్తే, నీరు చేరే దారి మూసేవరకు రంగు డబ్బా తెరవవద్దు. గోడ పొడిగా ఉంటే పాత పెచ్చులు గీకి, పగుళ్లు పూడ్చి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసి, అది ఆరాక సుద్ద రాసిన దారంతో అడుగు అడుగుకూ గళ్లు కొట్టి, నమూనా మీద కూడా అన్నే గళ్లు గీసుకొని, గడికి గడి చూసుకుంటూ రూపురేఖలు దించాలి. రెండు పూతలకు లీటరు ఎమల్షన్ (నీటితో కలిపే గోడరంగు) సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది కనుక, 10 అడుగుల ఎత్తు, 30 అడుగుల పొడవున్న గోడకు 6 లీటర్లు పడుతుంది.

అడుగున 2 అడుగుల మేర బొమ్మ వేయకుండా ముదురు గోధుమరంగు పట్టీ వదిలేయండి, ఎందుకంటే బండ్ల చక్రాల బురదా, పాన్ ఉమ్ములూ అక్కడే పడతాయి. (మూత్రం పోయకుండా దేవుళ్ల టైల్స్ అంటించడం మన నగరంలో పాత ఉపాయం, బొమ్మ కూడా అంత పని చేస్తుందని నేను హామీ ఇవ్వలేను.) ఆ పట్టీ రంగు ఒక లీటరు మిగిల్చి, డబ్బాపై ఛాయ నంబరు రాసి కాలనీ వాచ్‌మన్ గదిలో ఉంచితే, ఏటా వానలు వెళ్లాక గంటసేపట్లో మళ్లీ పూయించవచ్చు.