మూత్రాశయ కణితి ఆపరేషన్ తర్వాత చిక్కులు వస్తే భర్తకు తోడుండడం ఎలా

మూత్రాశయంలోని కణితిని మూత్రనాళం గుండా పంపిన పరికరంతో తొలగించే ఆపరేషన్‌ను ఆసుపత్రుల్లో టీయూఆర్‌బీటీ అంటారు. పైకి కోత గానీ కుట్లు గానీ కనిపించవు కాబట్టి, ఇంటికి రాగానే అంతా అయిపోయిందని చూడవచ్చిన చుట్టాలు అనుకుంటారు. లోపలి గాయం మానడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. ఈ జబ్బు మగవారిలో ఎక్కువ కనుక ఇక్కడ భర్తకు ఆపరేషన్ అయిన సందర్భాన్ని తీసుకున్నాను. భార్యకు అయినా జాగ్రత్తలు దాదాపు ఇవే.

ఆపరేషన్ తర్వాత మూత్రాశయంలో ఉంచిన పైపు (క్యాథెటర్) గుండా మూత్రం దిగే యూరిన్ బ్యాగులో ఎరుపు కనబడగానే గుండె జారిపోవడం సహజమే గానీ, మీరు కనిపెట్టవలసింది రంగు కంటే ముఖ్యంగా ధారను. కొద్దిపాటి రక్తమే మూత్రాన్నంతా ఎర్రగా మార్చగలదు. పుచ్చకాయ రసం రంగులో పలుచగా, ఆగకుండా దిగుతున్నంతవరకు సాధారణంగా కంగారు పడనక్కరలేదు. చిక్కటి ఎరుపు, గడ్డలు, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాగులోకి ఏమీ దిగకపోవడం ప్రమాద సూచనలు. రక్తపు గడ్డ పైపుకు అడ్డుపడితే మూత్రాశయం ఉబ్బి, పొత్తికడుపు బిగుసుకుపోయి, భరించలేని నొప్పి వస్తుంది. అప్పుడు పైపు మెలిపడిందా, ఆయన దాని మీద పడుకున్నారా, బ్యాగు పొత్తికడుపు కంటే ఎత్తులో ఉందా అని చూసి, అవేవీ కాకపోతే వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. పైపును లాగకండి. గడ్డ కొట్టుకుపోతుందని నీళ్లు తాగించకండి. దారి మూసుకున్నాక తాగిన నీరు నొప్పిని పెంచడమే తప్ప ఉపయోగపడదు. మామూలు రోజుల్లో మాత్రం, గుండె లేదా కిడ్నీ సమస్య లేనివారికి రోజుకు రెండు మూడు లీటర్ల ద్రవాలు మంచివి, బార్లీ నీళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

పైపు ఉన్నా మూత్రం తోసుకొస్తున్నట్టుందని, కింద పట్టేస్తోందని ఆయన అన్నప్పుడు కూడా ముందు బ్యాగునే చూడండి. అది నిండుతూ ఉంటే, పైపు పక్కనుంచి కాస్త కారుతున్నా, చాలావరకు మూత్రాశయం ముడుచుకోవడం వల్ల వచ్చే నొప్పే. దీనికి డాక్టరు ఇచ్చే ఆక్సీబ్యూటినిన్ వంటి మందులతో నోరెండడం, మలబద్ధకం కలుగుతాయి. ముక్కితే గాయం నుంచి మళ్లీ రక్తం రావచ్చు కనుక, ఇసబ్‌గోల్ వంటిది వాడవచ్చేమో డిశ్చార్జి రోజునే అడగండి.

మూత్రాశయ గోడకు ఆపరేషన్‌లో చిన్న రంధ్రం పడిందని చెబితే, చాలామందికి అది పైపును మరికొన్ని రోజులు ఉంచడంతోనే మానుతుంది. త్వరగా తీయమని డాక్టరును తొందరపెట్టకండి. కడుపు నొప్పి పెరుగుతూ, పొట్ట ఉబ్బి, వాంతులైతే మాత్రం ఆగకూడదు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, లేదా అంతకు మించిన జ్వరం, చలితో వణుకు వచ్చినా పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడవద్దు, 108కి ఫోన్ చేయండి. పైపు తీశాక మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బినా ఇదే మాట.

పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య, అంతా బాగుందనుకున్నాక, గాయం పై పెచ్చు ఊడి మళ్లీ ఎర్రగా రావచ్చు. విశ్రాంతితో, ద్రవాలతో పలుచబడితే సరే, లేకుంటే డాక్టరుకు చూపించాలి. ఇందుకే బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్ వంటివి ఆయన చేత ఎత్తించవద్దు. రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులను మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు, ఆపవద్దు. ముఖ్యంగా గుండెకు స్టెంట్ ఉంటే రెండూ ప్రమాదమే.

పైపుతో నలుగురిలో కూర్చోవడం ఆయనకు సిగ్గుగా ఉంటుంది, ఆ సిగ్గు కోపంగా బయటపడుతుంది. బ్యాగును దుప్పటి కింద కనబడకుండా అమర్చడం, చుట్టాలను కొన్నాళ్లు ఫోన్‌లోనే పలకరించమనడం, ధైర్యం చెప్పే మాటలకంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఈ హడావుడిలో బయాప్సీ రిపోర్టు మరుగున పడకూడదు. తీసిన ముక్కలో మూత్రాశయ కండరం ఉందా, జబ్బు అందులోకి పాకిందా అని డాక్టరును సూటిగా అడగండి. కండరం దొరకకపోయినా, టీ1 దశ (జబ్బు లోపలి పొరను దాటినా కండరాన్ని చేరని దశ) అని ఉన్నా, సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో మరోసారి ఇదే ఆపరేషన్ చేయవలసి రావచ్చు; అది మొదటిది విఫలమైనందుకు కాదని ఆయనకు ముందుగానే చెప్పి ఉంచండి.