పాయింట్ టూ టూ రైఫిల్‌కు స్కోప్: నా అనుభవం

చెన్నైలోని మా రైఫిల్ క్లబ్బులో పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా వాడే చిన్న) రైఫిల్‌తో 50 మీటర్ల లక్ష్యం మీద అభ్యాసం చేసే నాకు, కొత్తగా బిగించిన స్కోప్ (గురిచూసే దుర్భిణి) మూడు వారాల పాటు మనశ్శాంతి లేకుండా చేసింది. మొదటి పది గుండ్లు ఒకచోట పడితే, తరువాతి పది రెండు సెంటీమీటర్లు కుడికి జరిగేవి. తూటాలను అనుమానించి మరో రకం కొన్నాను. ఆ డబ్బు దండగే అయింది.

చివరికి రైఫిల్ బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే భాగం) తీసి, రైఫిల్‌ను ఇసుక సంచి మీద కదలకుండా ఉంచి, కంటిని మాత్రమే కొద్దిగా పైకీ కిందికీ జరిపి చూశాను. స్కోప్‌లో కనిపించే క్రాస్‌హెయిర్ (గురి గీతల కూడలి) లక్ష్యపు కాగితం మీద పాకింది. కన్ను కదిలితే గురి గీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడమే పారలాక్స్; అది వంద గజాల దూరంలో ఉండకుండా స్థిరపరచిన, పెద్ద తుపాకులకు ఉద్దేశించిన స్కోప్‌ను నేను సగం దూరానికి వాడుతున్నానన్నమాట. పైగా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ (రైఫిల్ పైన స్కోప్ బిగించే పట్టీ) మీద అమర్చిన అడాప్టరు వదులై, నల్లని లోహం మీద వెంట్రుకంత మెరిసే గీత పడింది.

పారలాక్స్ సవరించుకునే స్కోప్‌నూ, నేరుగా డవ్‌టెయిల్‌ను పట్టే రింగులనూ తెచ్చుకున్నాను. మన ఊరి ఉక్కపోతలో చేతి చెమట సైతం మరలకు అంటుతుంది కనుక, వాటిని స్పిరిట్‌తో తుడిచి, పడుకొని గురిచూసే భంగిమలో కంటి దూరం సరిచూసుకొని, మేస్త్రీలు వాడే గుండు దారాన్ని ఎదుట వేలాడదీసి నిలువు గీతను దానితో కలిపి, ఒక్కొక్క మరనూ మార్చిమార్చి కొంచెం కొంచెంగా బిగించాను. స్కోప్ మీది గురి సవరించే మరను ఒక్కో క్లిక్కు తిప్పితే గురి పావు నిమిషం (కోణపు నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) మారుతుంది; అది 50 మీటర్ల వద్ద దాదాపు 3.6 మిల్లీమీటర్లు జరుపుతుంది. గుండ్లు 18 మిల్లీమీటర్లు కిందికి పడుతుండగా ఐదు క్లిక్కులు సరిపోయాయి.