పాలసీ కట్టారు సరే, జ్వరమొస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు?

హెల్త్ పాలసీ కార్డు చేతికి రాగానే చాలామంది హమ్మయ్య అనుకుని బీరువాలో పెట్టేస్తారు. మన దగ్గర అమ్మే పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో అడ్మిట్ అయితేనే డబ్బులిస్తాయి, అది కూడా మామూలుగా 24 గంటలు దాటి ఉంటేనే. శుక్లాల ఆపరేషన్ లాంటి డే కేర్ వాటికి మాత్రం ఆ గంటల లెక్క ఉండదు. బీపీకి, సుగరుకు, ఆగని దగ్గుకు చూపించుకునే ఓపీ ఖర్చంతా మన జేబులోదే. అందుకే రోజూ చూసే డాక్టరు ఎవరన్నది పాలసీకి సంబంధం లేని విషయమని అనుకుంటాం. నిజానికి రేపు క్లెయిం పాసవుతుందా లేదా అన్నది చాలావరకు ఆ డాక్టరు రాసిన కాగితాల మీదే ఉంటుంది.

అమెరికాలో ఉన్న మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. అక్కడ హెచ్‌ఎంఓ రకం ప్లాను తీసుకుంటే ప్రైమరీ కేర్ డాక్టరుగా ఒకర్ని ఎంచుకోవాలి, స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాలంటే మామూలుగా ఆయన రిఫరల్ కావాలి. ఇక్కడ ఆ బలవంతం లేదు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో బండి ఆపి ఏ బోర్డు కనిపిస్తే ఆ మెట్లెక్కినా అడిగేవాడు లేడు. దాంతో మోకాలికి ఒకరు, గ్యాసుకు ఒకరు, కళ్ళు తిరిగితే నేరుగా న్యూరో డాక్టరు, ఇలా ఒకే మనిషికి నాలుగు చీటీలు, అందులో రెండింటిలో రాసింది ఒకే మందు, కంపెనీ పేరే వేరు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్ళకు ముందు డిస్పెన్సరీ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్ పథకం వాళ్ళకు వెల్‌నెస్ సెంటర్ అనే మొదటి మెట్టు ఒకటుంది. మిగతావాళ్ళం ఆ మెట్టు మనమే కట్టుకోవాలి.

డాక్టరు కంటే ముందు ఆసుపత్రులు చూసుకోండి, రెండు చాలు. ఇన్సూరెన్సు కంపెనీ వెబ్‌సైట్లో పిన్‌కోడ్ కొడితే నెట్‌వర్క్ ఆసుపత్రుల, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నవాటి జాబితా వస్తుంది. విజయవాడ అయితే 520తో, గుంటూరు అయితే 522తో మొదలయ్యేవి. ఆ జాబితాను మాత్రం గుడ్డిగా నమ్మకండి, కంపెనీకీ ఆసుపత్రికీ రేట్ల దగ్గర పేచీ వచ్చి క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) ఆపేసినా వెబ్‌సైట్లో పేరు అలాగే ఉండిపోవచ్చు. ఆసుపత్రికి ఫోన్ చేసి ఇన్సూరెన్స్ డెస్కుకి కలపమనండి. "ఫలానా కంపెనీ, ఫలానా పాలసీ, ఇప్పుడు క్యాష్‌లెస్ తీసుకుంటున్నారా, అడ్వాన్సు ఎంత కట్టించుకుంటారు, సింగిల్ రూం రోజుకెంత" అని అడగండి. 2024 మేలో ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ తేల్చాలి, డిశ్చార్జి టైంలో మూడు గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. డెస్కులో కూర్చున్నాయన ఈ మాట ఎత్తగానే నవ్వాడంటే ఆ ఆసుపత్రిలో ఎలా జరుగుతుందో మీకు అర్థమైపోతుంది.

రూం రేటు ఎందుకు అడగమన్నానంటే, మీ పాలసీ 3 లక్షలది, రూం రెంటు పరిమితి ఒక శాతం అనుకోండి, అంటే రోజుకు 3,000. మీరు 6,000 రూములో చేరితే పోయేది ఆ తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లాంటివి కూడా అదే లెక్కన సగానికి కోసేస్తారు. మందులకు, ఇంప్లాంట్లకు ఈ కోత లేదు గానీ మిగిలిందే వాచిపోయేంత ఉంటుంది.

ఇక డాక్టరు. ఇంటికి దగ్గర్లో, ఆటోలో పదిహేను నిమిషాల్లో చేరగలిగే చోట, ఎండీ జనరల్ మెడిసిన్ గానీ ఫ్యామిలీ మెడిసిన్ గానీ చదివినవాళ్ళని చూడండి. అనుభవమున్న మంచి ఎంబీబీఎస్ డాక్టరు అయినా ఏం తక్కువ కాదు. విజయవాడ భవానీపురంలో ఉండేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, దసరాకి దుర్గమ్మ కొండ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్ళిస్తే సూర్యారావుపేట చేరడం మామూలు రోజుల్లోలా ఉండదు, రెండో ఆసుపత్రి ఇవతలి వైపు ఉంటే మంచిది. లెటర్‌హెడ్ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. వీధి చివర ఆర్‌ఎంపీ మంచాయనే కావచ్చు, అర్ధరాత్రి తలుపు కొడితే లేస్తాడు కూడా, కాకపోతే ఆయన రాసిన చీటీ క్లెయింలో పనికిరాదు, ఆయన పంపించే ఆసుపత్రి మీ జాబితాలో ఉండాలనీ లేదు.

పెద్ద జబ్బు వచ్చేదాకా ఆగకుండా చిన్న జలుబుకో, ఏడాదికోసారి చేయించే రక్త పరీక్షల రిపోర్టు చూపించడానికో ఒకసారి వెళ్ళి రండి. పాత ఫైలు తిరగేస్తున్నాడా, వేసుకుంటున్న మందులన్నీ అడిగాడా, "ఇది నేను చూసేది కాదు, గుండె డాక్టరుకు చూపించండి" అనగలడా అన్నది గమనించండి. గదిలోకి అడుగుపెట్టకముందే బయట కాంపౌండరు పరీక్షల చీటీ చేతిలో పెడితే మాత్రం నేనైతే రెండోసారి వెళ్ళను. మీరు అనుకున్న రెండు ఆసుపత్రుల్లో దేంట్లోనైనా ఆయన అడ్మిట్ చేసి చూస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. చూస్తారంటే మంచిదే, లేకపోతే అక్కడి డాక్టరుకు ఒక ఉత్తరం రాసిచ్చినా సరిపోతుంది. రసీదు ఇస్తారా అని కూడా చూసుకోండి. చాలా పాలసీలు అడ్మిట్ కాకముందు 30 రోజులు, డిశ్చార్జి అయ్యాక 60 రోజుల వరకు అదే జబ్బుకు అయిన ఓపీ, పరీక్షలు, మందుల ఖర్చు కూడా ఇస్తాయి, ప్రిస్క్రిప్షను, బిల్లు రెండూ ఉంటేనే. ఫీజు సొరుగులో వేసుకుని తలూపే చోట ఆ డబ్బులు వదులుకోవాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది అడ్మిషన్ రాత్రి. నాన్నని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తారు, డ్యూటీ డాక్టరు కేస్ షీట్ రాస్తూ "సుగర్ ఎప్పట్నించి ఉందండీ?" అంటుంది. కంగారులో ఉన్న అల్లుడు "చాలా ఏళ్ళయిందండీ, పదేళ్ళు ఉంటుందేమో" అనేస్తాడు. ఆమె పదేళ్ళు అని రాస్తుంది. నిజానికి మాత్రలు మొదలుపెట్టింది రెండేళ్ళ కిందట, పాలసీ తీసుకుని నాలుగేళ్ళు. కంపెనీ తరఫున క్లెయింలు చూసే టీపీఏ వాళ్ళకు కేస్ షీట్లో పదేళ్ళని కనిపించగానే, పాలసీ తీసుకునేటప్పుడు దాచారని క్వెరీ వేస్తారు, ఒక్కోసారి క్లెయిమే కొట్టేస్తారు. అప్పుడు కాపాడేది మీ డాక్టరు ఫైలే, మొదటిసారి సుగర్ తేలిన తేదీ, మందు మొదలైన తేదీ, ఆయన సంతకం. కాబట్టి ఆ ప్రశ్న అడిగినప్పుడు అంచనాలు చెప్పకండి, "ఫైల్లో ఉందండీ, చూసి రాయండి" అనండి. రాశాక ఆ కాగితం ఒకసారి చదవండి, తప్పుంటే అక్కడికక్కడే దిద్దించండి, డిశ్చార్జి అయ్యాక దిద్దించాలంటే చుక్కలు కనిపిస్తాయి.

జబ్బు దాచమని కాదు నేను చెప్పేది. పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 2024 నుంచి మూడేళ్ళకు మించకూడదు, అది గడిచాక క్లెయిం వస్తుంది. ఆపకుండా ఐదేళ్ళు కట్టిన పాలసీని మోసం రుజువైతే తప్ప దాచారనే సాకుతో కాదనడానికి వీల్లేదు. ఏజెంటు "అవన్నీ ఎందుకు రాయడం, ప్రీమియం పెరుగుద్ది" అంటే ఆ మాట వాట్సాప్‌లో రాసి పంపమనండి, పంపడు.

ఫైలు ఒక్క చోటే ఉంచకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు బీరువా అడుగు అరలో ఉన్న కాగితాల గతి ఏమై ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రతి చీటీ ఫోటో తీసి, తేదీ పేరుగా పెట్టి, ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉంచండి. బయట ఊళ్ళో ఉన్న పిల్లలకు పంపితే వాళ్ళు అక్కడినుంచే డెస్కుతో మాట్లాడగలరు.

మీకు ఎప్పట్నుంచో అలవాటైన డాక్టరు ఉండి, ఆయన సొంత నర్సింగ్ హోం నెట్‌వర్కులో లేకపోతే ఆయన్ని మార్చాల్సిన పనేం లేదు. ఓపీకి ఆయన దగ్గరికే వెళ్ళండి, అడ్మిషన్ ఎక్కడో ముందే ఆయనతో మాట్లాడి పెట్టుకోండి. తప్పక అక్కడే చేరాల్సి వస్తే, చాలా కంపెనీలు నెట్‌వర్కులో లేని చోట కూడా క్యాష్‌లెస్ ఒప్పుకుంటున్నాయి, ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. వాళ్ళు కాదన్నా ముందు మనం కట్టి తర్వాత కంపెనీ దగ్గర రాబట్టుకునే రీయింబర్స్‌మెంటు దారి ఉంది. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి, జెరాక్సులు ఆసుపత్రి దగ్గర వదిలి ఒరిజినల్స్ మీరు తెచ్చుకోండి.