చెన్నై సెంట్రల్‌లో దిగే నెల్లూరోళ్లకు ఒక మాట
నెల్లూరు నుంచి చెన్నై ఆసుపత్రికి పోయేవాళ్లు సెంట్రల్ బయటికి వచ్చీ రాగానే ఆటోవాళ్ల చేతికి చిక్కుకోకండి. పోయిన నెల మా అత్తమ్మని చూపించడానికి తీసుకెళ్తే, ఆటో ఆయన చెప్పిన రేటుకి అక్కడే నవ్వొచ్చింది.

స్టేషన్ ముందరే మెట్రో, భూమి కింద ఉంటది. బ్లూ, గ్రీన్ లైన్లు రెండూ అక్కడే కలుస్తాయి, కాకపోతే వేరే వేరే అంతస్తుల్లో, కాబట్టి బోర్డు చూసుకుని దిగండి. అపోలో ఆసుపత్రి ఉండే గ్రీమ్స్ రోడ్డు వైపు పోవాలంటే బ్లూ లైన్లో ఎయిర్‌పోర్ట్ వైపు బండి ఎక్కితే మూడో స్టేషన్ థౌజండ్ లైట్స్, అక్కడ దిగి ఆటో పట్టుకుంటే దూరం తక్కువ, బేరం ఆడే ధైర్యమూ వస్తది. కోయంబేడు బస్టాండుకైతే గ్రీన్ లైన్. ఊరగాయ జాడీలూ బట్టల మూటలూ ఉంటే లోపలికి పోయేటప్పుడు స్కానింగ్‌లో పెట్టాలి, కొంచెం ముందే బయల్దేరండి.

పెళ్లి చీరలకి టీ నగర్ పోయేవాళ్లు మాత్రం మెట్రో జోలికి పోకండి. సెంట్రల్ ఎదురుగా సబ్‌వే దాటితే పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం వైపు లోకల్ ఎక్కితే ఐదో స్టేషన్ మాంబళం. దిగితే పక్కనే టీ నగర్ బట్టల అంగళ్లుండే రంగనాథన్ వీధి. పండగ రోజుల్లో ఆ వీధిలో కాలు పెట్టే సందు ఉండదు, పర్సు ముందు జేబులో పెట్టుకోండి.