అండమాన్ వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

• బీపీ, షుగర్ మాత్రలు నాలుగు రోజులకు అదనంగా పెట్టుకోండి. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు ఆగిపోతాయి. మందులు చేతి సంచిలోనే ఉండాలి. ప్రిస్క్రిప్షన్ కాగితం కూడా. చిన్న దీవుల్లో ఫోన్ సిగ్నల్‌ని నమ్మలేం.

• ఫెర్రీలో కడుపులో తిప్పేవాళ్లు మాత్ర గంట ముందే వేసుకోవాలి. మా అత్తయ్య పడవ కదిలాక వేసుకుంది. మాత్రా బయటికొచ్చింది, పొద్దున తిన్న ఇడ్లీలూ బయటికొచ్చాయి.

• పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి జీబీ పంత్. అది పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిన్న ప్రభుత్వ కేంద్రాలే. సీరియస్ అయితే మళ్లీ సముద్రం దాటాలి. అందుకే గుండె జబ్బున్న పెద్దవాళ్లతో వెళ్తే, నా మాట వినండి, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఎక్కువ రోజులు ఉండండి. ఎమర్జెన్సీకి 112.

• పగడపు దిబ్బ గీరుకుంటే చిన్న గాయమేగా అని వదలొద్దు. సబ్బుతో, మంచినీళ్లతో బాగా కడిగి, లోపల ముక్కలుంటే తీయించుకోండి. రెండోరోజు ఎర్రబడి వాస్తే డాక్టర్ దగ్గరికే.

• స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం) చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. 24 అయితే ఇంకా మంచిది. జలుబుంటే డైవింగ్ మానేయండి, డబ్బు కట్టేసినా సరే.

• మొసళ్ల బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగొద్దు. సెల్ఫీకి కూడా.

• ఇంటికొచ్చాక జ్వరమొస్తే అండమాన్ వెళ్లొచ్చామని డాక్టర్‌కి చెప్పండి. మలేరియా, డెంగీ, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) పరీక్షలు అవసరమో లేదో ఆయన చూస్తారు.