పాత స్కోర్లు చూసి జోస్యం చెప్పే ముందు

సంక్రాంతికి క్రికెట్‌లో పర్లాకిమిడి జట్టు, పాతపట్నం జట్టు తలపడుతున్నాయంటే మా టీ బడ్డీ దగ్గర గెలిచేదెవరో అందరికీ ముందే తెలిసిపోతుంది. నేనైతే నోట్‌బుక్ పెట్టాను. లెక్క తీసే ముందు ఇవి చూసుకోండి.

• ఎన్ని మ్యాచ్‌లు? మూడుకు మూడు గెలిచారని గెలుపు అవకాశం వంద శాతం అని రాసేయొద్దు. గెలుపులకు 1, మొత్తం మ్యాచ్‌లకు 2 కలిపి భాగించండి: 4/5, అంటే 80 శాతం. ఇది ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ పద్ధతి. 2021 టీ20 ప్రపంచకప్‌కు ముందు దాకా వన్డే, టీ20 ప్రపంచకప్‌లలో పాకిస్తాన్‌పై భారత్ 12కు 12 గెలిచింది (టై అయిన మ్యాచ్‌ను తేల్చిన 2007 బౌల్ అవుట్ కూడా కలిపితే). ఈ లెక్కన 13/14, సుమారు 93 శాతం. మిగిలిన ఆ ఏడు శాతమే 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో పది వికెట్ల తేడాతో పాకిస్తాన్ గెలుపై వచ్చి కూర్చుంది.

• జట్టు అదేనా? మా ఎడమచేతి బౌలర్ సూరత్ మిల్లుకు పనికి వెళ్లిపోయాడు. అతని రెండేళ్ల వికెట్లు నా లెక్కలో అలాగే ఉండిపోయాయి. జోస్యం తుస్సుమంది, టీలు నేనే తాగించాను.

• వానకు ఆగిన మ్యాచ్‌లు విడిగా రాయండి.

• షూటౌట్ గెలుపు మామూలు గెలుపు కాదు. 2023 భువనేశ్వర్ హాకీ ప్రపంచకప్ ఫైనల్ 3-3తో సమమైంది; జర్మనీ బెల్జియంపై షూటౌట్‌లో గట్టెక్కింది.

• "వరసగా ఐదు టాస్‌లు ఓడాం, ఈసారి మనదే" అనొద్దు. నాణేనికి బాకీలు గుర్తుండవు.

• అంకె మ్యాచ్‌కు ముందే పెన్నుతో రాయండి, పెన్సిల్ వద్దు. పందెం కాసేవాళ్లకు మాత్రం నా నోట్‌బుక్ చూపించను.