చిత్రకారుడు రచయిత మిత్రునికి రాసిన ఉత్తరాలను భద్రపరచి, అచ్చుకు సిద్ధం చేయడం ఎలా?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో మీ ఇంటి పెద్దవారొకరు కథలు రాసి ఉండి, చిత్రకారుడైన మిత్రుడు వారికి రాసిన కార్డులూ ఇన్‌లాండ్ కవర్లూ ట్రంకు పెట్టెలో మిగిలి ఉంటే, అటువంటి ఉత్తరంలో అక్షరం ఎంత విలువైనదో అంచున గీసిన బొమ్మ, కుంచె ఆనించి చూసిన రంగు మరక కూడా అంతే విలువైనవని ముందుగా గ్రహించాలి.

కట్ట విప్పకముందే ఫోటో తీయండి. ఉత్తరాలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే వెనుకవైపు మూలన మెత్తని పెన్సిలుతో అంకెలు వేసి, ఉత్తరానికీ దాని కవరుకూ ఒకే అంకె ఇవ్వండి. 2018 అక్టోబరు తిత్లీ వంటి తుఫానులు చూసిన తీరం మనది. చెమ్మ తగిలిన కాగితాన్ని ఎండలో పెడితే రంగులు వెలిసిపోతాయి కనుక నీడలో, గాలి ఆడేచోట ఆరనివ్వాలి. సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం ఎంతమాత్రం తగదు. నీటిరంగు ఉన్నచోట తడిగుడ్డ తగలనీయకండి.

తేదీలు తేల్చడమే అసలైన పని, ఎందుకంటే స్నేహితులు తరచుగా వారం పేరు మాత్రమే రాసి ఊరుకుంటారు. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే ఆ ఉత్తరం 1972 ఆగస్టు 15 తర్వాతిది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది కాబట్టి, ‘విజయనగరం, విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే అంతకు ముందుదై ఉండే అవకాశం ఎక్కువ. అయితే పాత అలవాటు కొద్దీ తర్వాత కూడా అలా రాసేవారుంటారు. కార్డుపై అచ్చయిన తపాలా బిళ్ల విలువ అణా–పైల లెక్కలో ఉంటే ఆ కార్డు 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయినదే, కానీ ఇంట్లో మిగిలినది తర్వాత వాడి ఉండవచ్చు గనుక తపాలా ముద్రనే ఎక్కువగా నమ్మాలి. ఉత్తరంలో ఒక కథకు వేస్తున్న బొమ్మ ప్రస్తావన ఉంటే ఆ పత్రిక సంచికను వెతకండి. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఇందుకు మొదటగా వెళ్లవలసిన చోటు. నాయిక చీర అంచు ఎలా ఉండాలని చిత్రకారుడు కార్డు మీద అడిగి, పక్కనే రెండు నమూనాలు గీసి ఉంటే, అచ్చయిన బొమ్మలో ఏది నిలిచిందో చూడండి; ఆ సంచిక తేదీని బట్టి కార్డు సుమారుగా ఏ నెలదో తెలుస్తుంది. రచయిత ఇచ్చిన జవాబు దొరకకపోయినా అది ఏమిటో ఊహకు అందుతుంది.

నకలు రాసేటప్పుడు ఉత్తరాంధ్ర పలుకుబడిని గ్రాంథికంగా దిద్దకండి. బొమ్మ ఉన్నచోట దాని వర్ణన చతురస్ర కుండలీకరణాల్లో రాసి, పక్కన స్కేలు పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీయండి.

కాగితం మీ సొంతమే అయినా అందులోని రచనపై, బొమ్మపై హక్కు చిత్రకారునిది, వారి తదనంతరం వారసులది. 1957 నాటి కాపీరైట్ చట్టం దాన్ని కాపాడుతుంది. కనుక అచ్చు వేయించే ముందు వారసుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, అందులో ఉత్తరాల పాఠాన్నీ బొమ్మలనూ విడివిడిగా పేర్కొనమని అడగండి.